హిజాజ్ హుస్సేనప్ప కాగితం

బుధవారం ఉదయం ఎనిమిదింటి రైలుకి మా మేనత్త కుల్సుంబీ ఆరింటికే తయారై సోఫా అంచున కూర్చుంది. జెద్దాలో మా ఇంటినుంచి సులేమానియా స్టేషనుకి ఇరవై నిమిషాలు చాలు. ఆ మాట చెప్తే వినలేదు. రైలువాళ్ల ఇంట పుట్టినదాన్ని, నాకు టైము నేర్పుతావా అంది. ఒళ్లో ఒక స్టీలు డబ్బా పెట్టుకుంది. గుంతకల్లు నుంచి మోసుకొచ్చిన డబ్బా అది. మదీనా అవతల తన జేజినాయన వేసిన రైలు కట్ట మీది మన్ను అందులో పట్టుకుపోయి, ఊళ్లో ఆయన గోరీ మీద చల్లాలని ఆమె కోరిక. డెబ్బై ఏడేళ్ల మనిషి. ఉమ్రా చేసుకుని వారంగా మా ఇంట్లోనే ఉంది. ఆమెను తిప్పడానికి నేను నాలుగు రోజులు సెలవు పెట్టాను.

దాచడమెందుకు, ఇక్కడే చెప్పేస్తాను. ఆమె జేజినాయన, అంటే నా ముత్తాత హుస్సేనప్ప, ఆ రైలు మార్గం వేయలేదు. వేసినదాన్ని పీకాడు. మా ఇంట్లో ఈ సంగతి తెలిసింది నాకొక్కడికే. వేశాడని ఇంటిల్లిపాదినీ నమ్మించిందీ నేనే.

హుస్సేనప్ప పదిహేడో ఏట గుంతకల్లు దగ్గర గ్యాంగులో చేరాడు. పట్టాల కింద కంకర దట్టించే పని. మొదటి ప్రపంచ యుద్ధంలో రైలు పని తెలిసినవాళ్లను దొరలు పటాలంలోకి తీసుకుంటుంటే వెళ్లాడు. మూడేళ్లకు తిరిగొచ్చేసరికి ఎడమ చెవి వినిపించదు. మళ్లీ రైల్వేలోనే కీమ్యాన్ అయ్యాడు. కీమ్యాన్ అంటే, సుత్తీ స్పానరూ భుజాన వేసుకుని రోజూ తన వంతు నాలుగు మైళ్ల లైను నడిచి, వదులైన ప్రతి బోల్టూ బిగించే మనిషి. రిటైరయ్యాక కూడా ఆ నడక మానలేదట. బతికినన్నాళ్లూ రైలెక్కలేదు. హజ్‌కు పంపిస్తామని కొడుకులు అంటే, ఆ దారిన నేను పోలేను అన్నాడట. యుద్ధంలో ఏం చేశావని అడిగితే లేచి వెళ్లిపోయేవాడట. పోయేముందు మాత్రం మా తాత చేతికి ఒక మడత కాగితం ఇచ్చి, మన ఇంట్లో ఇంగ్లీషు చదివే బిడ్డ పుడితే పదిమంది ముందు దీన్ని చదివించు అన్నాడు.

ఆ బిడ్డను నేను. పదో తరగతి ప్యాసయ్యాక తాత ఆ కాగితాన్ని ఒకరోజు ముందే నా చేతికిచ్చి, బాగా చూసుకో, తడబడొద్దు అన్నాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చూసుకున్నాను. అది పటాలం నుంచి విడుదల చేసినప్పటి కాగితం. అరబ్బు దేశంలోని హిజాజ్ సీమలో మదీనాకు పోయే శత్రువులైన తుర్కీవాళ్ల రైలు మార్గాన్ని ధ్వంసం చేసే దళంలో పనిచేశాడని, పట్టాలు విప్పడంలో నేర్పరి అని, నడవడి మంచిదని దొర రాశాడు. మర్నాడు మా వాకిట్లో వీధి వీధంతా చేరింది. దర్గా ముజావరు ముందు కుర్చీలో కూర్చున్నాడు. హాజీలు ఎక్కే రైలును మా ముత్తాత పీకాడని ఆయన ముందు ఎలా చదవను? "మదీనాకు పోయే రైలు మార్గం వేసే దళంలో పనిచేశాడు" అని చదివాను.

ముజావరు లేచి మా తాతను కౌగిలించుకున్నాడు. ఆ ఏడాది నుంచి ఉరుసులో మొదటి చాదరు మా ఇంటినుంచే పోతోంది. ముత్తాతకు హిజాజ్ హుస్సేనప్ప అని పేరు పడింది. నా పెళ్లి సంబంధం కూడా ఆ పేరు మీదే కుదిరింది. జెద్దాకు వచ్చాక మనవాళ్ల సభలో ఇదే కథ అరగంట చెప్పి శాలువా కూడా కప్పించుకున్నాను. పైగా పోర్టు దగ్గర ఆఫీసులో నా ఉద్యోగం ఏమిటనుకున్నారు? సరుకు కాగితాల్లో తప్పులు పట్టడం. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ మన్ను గోరీ మీద పడకముందే అత్తకు నిజం చెప్పేయాలని గట్టిగా అనుకుని బయల్దేరాను. రైల్లోనే చెప్పేద్దామనుకున్నాను.

జెద్దా నుంచి మదీనాకు ఈ స్పీడు రైలు రెండు గంటలు కూడా తీసుకోదు. టికెట్లు ఫోన్‌లో ముందే కొనుక్కోవాలి, పాస్‌పోర్టు వెంట ఉండాలి. పెద్దవాళ్లతో వెళ్తే వీల్‌చైర్ అడిగితే ఇస్తారు. అత్త మాత్రం వద్దంది. రైలు కదలగానే కిటికీకి చెవి ఆనించి, అతుకుల చప్పుడే లేదేమని అడిగింది. పట్టాలు అతికించేస్తారత్తా అన్నాను. అయితే కీమ్యాన్‌కి పనేముంటుందని దిగులు పడింది.

ఎదురు సీటులో లాహోరు పెద్దాయన ఒకాయన కూర్చున్నాడు. తెల్లగడ్డం, చేతిలో ఖర్జూరాల పొట్లం. ఎక్కడికని ఉర్దూలో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్త తనకొచ్చిన నాలుగు ఉర్దూ ముక్కల్లో, పాత రైలు వేసింది మా జేజినాయనే, చూడబోతున్నాం అని చెప్పేసింది. ఆ పెద్దాయన కళ్లు చెమర్చాయి. ఆ రైలు కోసం హిందుస్తాన్ అంతా చందాలు ఎత్తినప్పుడు తన తాత ఇంట్లో ఉన్న ఒక్క ఆవునూ అమ్మి ఇచ్చాడట. నా తాత ఆవు, మీ తాత చెమట, రెండూ ఒకే పట్టా మీద కలిశాయమ్మా అని పొట్లం అత్త చేతిలో పెట్టాడు. అత్త ఒక ఖర్జూరం తీసి నాకిచ్చింది. నమలలేక, ఉమ్మలేక బుగ్గన పెట్టుకుని కూర్చున్నాను. ఆ ఆవును మింగిన ఇంటివాణ్ని నేను. ఇక రైల్లో ఏం చెప్తాను?

పదింటికల్లా మదీనాలో దిగాం. ప్రవక్త మసీదు హరమ్‌కు నడిచిపోయేంత దూరంలో గది తీసుకున్నాం. ఆడవాళ్లు లోపల ప్రవక్త గోరీ పక్కనున్న రౌజాలో నమాజు చేసుకోవాలంటే ఫోన్‌లో ముందే సమయం రాయించుకోవాలి, మరిచిపోవద్దు. అత్త నమాజుకు వెళ్లొచ్చి అన్నం తిని, సాయంత్రపు అసర్ నమాజు తర్వాత పాత స్టేషను చూపించమంది. అది ఇప్పుడు మ్యూజియం. ముదురు రాతి కట్టడం, పక్కనే చిన్న మసీదు. లోపల ఒక పాత ఇంజను నిలబెట్టారు. అత్త దాన్ని పట్టించుకోలేదు. వంగి పట్టా అతుకుల దగ్గర ఉన్న బోల్టుల్ని చూసింది. నాలుగూ బిగుతుగానే ఉన్నాయని తల ఊపింది.

గోడ మీద ఒక పెద్ద బోర్డు ఉంది. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. అత్త దాని ముందు నిలబడి చెంగు సర్దుకుంది. "చదువు నాయనా, ఏం రాసిండారో. నువ్వు చదివితే ఇంపుగా ఉంటాది" అంది.

మళ్లీ నేనే చదవాలి. రైలు మార్గం ఎక్కడ మొదలైందో చదివాను. తుర్కీ సుల్తాను కాలంలో ఎంత కష్టపడి ఎడారిలో వేశారో చదివాను. చివరి పేరాలో యుద్ధంలో వంతెనలు కూల్చి పట్టాలు పీకేశారని ఉంది. అక్కడికి రాగానే, ఇంతే అత్తా, పోదాం పద అన్నాను. నా పక్కన ఒక హైదరాబాదు కుర్రవాడు, మెళ్లో ఆఫీసు కార్డు వేసుకుని నిలబడి ఉన్నాడు. మర్యాదగానే, "అంకుల్, లాస్ట్ పేరా స్కిప్ చేశారు. వార్ గురించి ఉంది, అదే ఇంపార్టెంట్" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. కళ్లజోడు సరిగా లేదని ఏదో గొణిగాను. ఆ కుర్రాడు తాను చదివి చెప్తానన్నాడు. నమాజుకు టైమైందని అత్త చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశాను. పదిహేనేళ్లప్పుడు భయపడి అబద్ధం చదివానని సరిపెట్టుకునేవాణ్ని. నలభై ఎనిమిదేళ్లకు, అదీ మదీనాలో, మళ్లీ అదే పని చేశాను. దీనికి ఏం చెప్పుకోను? అత్త దారిలో ఒక్కటే అడిగింది, ఆ పిల్లోడు ఏమన్నాడని. ఏదో ఇంగ్లీషులే అన్నాను.

గురువారం ఉదయం ఏడింటికి అల్ ఉలా బస్సెక్కాం. ఊరు దాటాక గంటసేపు నల్లటి రాళ్ల నేల, తర్వాత ఎర్ర కొండలు. మధ్యలో ఒకచోట టీకి ఆపుతారు. మసీదూ మరుగుదొడ్లూ శుభ్రంగానే ఉన్నాయి, తిండికి మాత్రం బ్రోస్టు అనే వేయించిన కోడి తప్ప ఏమీ దొరకదు. అత్త సంచిలోంచి చెనిగ్గింజల పొడి తీసింది. వేడి ఖుబ్జ్ రొట్టెలో వేసుకుని ఇద్దరం తిన్నాం. బాగుంది. మధ్యాహ్నం దాటాక అల్ ఉలాలో దిగాం.

అక్కడ మమ్మల్ని తీసుకెళ్లడానికి లింబాద్రి వచ్చాడు. జగిత్యాల దగ్గరివాడు. ఒక హోటల్లో మెయింటెనెన్సు పని చేస్తాడు. జెద్దా సభలో నా ప్రసంగం విని, పాత రైలు కట్ట మా పనికాడి నుంచి పోయే దారిలోనే ఉంది సార్ అని అప్పుడే నంబరు ఇచ్చిపోయాడు. శుక్రవారం అతనికి సెలవు. అత్తను చూడగానే వంగి కాళ్లు పట్టుకున్నాడు. రైలేసిన పెద్దమనిషి మనవరాలు కదా. నేను పక్కకు తిరిగి సామాను లెక్కపెడుతున్నట్టు నటించాను. ఉన్నవి రెండే సంచులు.

శుక్రవారం ఉదయం ఆరున్నరకు లింబాద్రి తన పికప్‌లో ఎక్కించుకున్నాడు. చలి బాగానే ఉంది, అత్త శాలువా మీద నా జాకెట్టు కూడా వేసుకుంది. తారురోడ్డు దిగి ముప్పావు గంట ఇసుక దారిలో పోయాక బండి ఆపాడు. "గిదే సార్ కట్ట. పట్టాలు ఎప్పుడో పీక్కవోయిన్రు, మట్టే మిగిలింది" అన్నాడు.

ఆ మాటకు అత్త ఆగిపోయింది. ఎవరు పీకినారని అడిగింది. లింబాద్రి నా వైపు చూశాడు. నేను చెప్పి ఉంటాననుకున్నాడు పాపం. లడాయిల అట అవ్వా అని ఊరుకున్నాడు.

సూటిగా ఉత్తరానికి పోయే మట్టి కట్ట అది. ఒకచోట చిన్న కల్వర్టు కూలిపోయి ఉంది, చెక్కిన రాళ్లు కింద దొర్లి ఉన్నాయి. దాని దగ్గర గజం పొడవు పట్టా ముక్క సగం ఇసుకలో కూరుకుపోయింది. అత్త మోకాళ్ల మీద కూర్చుని, ముందు డబ్బా మూత తీసింది. మూడు పిడికిళ్ల మన్ను ఎత్తి పోసుకుంది, పెదాలు కదులుతున్నాయి. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. ఆమె మూత పెట్టి పట్టా ముక్క వైపు తిరిగింది. చేత్తో ఇసుక తోసి, ఏదో చిన్న వస్తువు పైకి తీసింది. తుప్పు పట్టిన బోల్టు. దానికే నట్టు తొడిగి ఉంది.

అత్త దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. చిన్నప్పుడు రోజూ జేజినాయనకు సద్ది మోసుకుని లైను మీద పోయిన మనిషి. పని చూస్తూ పెరిగింది.

"ఇది బాంబుకు పోలేదురా. స్పానరు పెట్టి విప్పినారు" అంది. "నట్టు పోగూడదని మళ్లా బోల్టుకే తొడిగినాడు చూడు. కడుపు మంటతో పీకేటోడు ఇట్ల తొడగడు. లైను మీద పెరిగినోడు చేసిన పని ఇది. మా జేజినాయనా ఇట్లనే తొడిగేటోడు. పని తెలిసినోడికి దీన్ని పీకేదానికి చేతులెట్ల వచ్చినాయో."

ఆమె ఎదురుగా ఇసుకలో కూలబడ్డాను. "జేజినాయనే అత్తా" అన్నాను. "వేయలేదు. విప్పినాడు. కాగితంలో అదే ఉంది. నేను తప్పు చదివినాను."

తెలియక చదివావా అని అడిగింది. తెలిసే చదివానన్నాను. మొన్న మదీనాలో బోర్డు కూడానా అంది. అది కూడా అన్నాను. లింబాద్రి నెమ్మదిగా బండి అవతలికి వెళ్లి నిలబడ్డాడు. అత్త తిడుతుందని, కొడుతుందని చూశాను. కొట్టినా బాగుండేది. ఆమె బోల్టునే చూస్తూ మాట్లాడింది, నాతో కాదు, తనలో తాను చెప్పుకుంటున్నట్టు.

జేజినాయన లైను నడుస్తూ ఒక్కో బోల్టు బిగించినాక మెల్లిగా "మాఫ్" అని క్షమాపణ అడిగేవాడట. బోల్టుకొక మాఫ్. వెనకాల ఈమె లెక్కపెట్టుకుంటూ పోయేది. ఎవరికి చెప్తాండావని అడిగితే, పట్టాకి అనేవాడట. కీమ్యాన్లందరూ అట్లనే అంటారనుకుంది. క్వార్టర్సులో మిగతా పిల్లలకు చెప్తే పకపకా నవ్వారు. ముసలోడికి చెవి పోయి బుద్ధి కూడా పోయిందన్నారు. ఆ రోజు ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చిందట. అన్నేళ్లు, అన్ని బోల్టులు. ఎవరూ వినలేదు, విన్న ఈమెకు తెలియలేదు.

తర్వాత నా ముఖం చూసింది. "దాచాలంటే ఆ కాగితం పొయ్యిలో పెట్టేటోడు కదరా. పదిమంది ముందర చదివించమన్నాడు. నోటితో చెప్పుకోలేక నీ నోటికిచ్చినాడు. నువ్వు మింగితివి."

ఆ మాట విన్నాక నేనెందుకు సిగ్గుపడాలో నాకు సరిగ్గా తెలిసింది. అన్నాళ్లూ ముత్తాత చేసిన పనికి సిగ్గుపడి దాచానని అనుకున్నాను. ఆయన దాచమనలేదు. ఆయన చివరి కోరిక అదొక్కటే, పదిమంది ముందు ఒప్పుకోవడం. దాన్ని నేను ఎత్తుకుపోయి శాలువా కప్పుకున్నాను. ఇసుకలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అత్త ఓదార్చలేదు.

ఆమె డబ్బా మూత తీసి, మన్ను తీసినచోటే మళ్లీ పోసేసింది. ఇది ఆయన గోరీ మీద బరువైతాది అంది. బోల్టును కొంగులో కట్టుకోబోతుంటే లింబాద్రి పరుగెత్తుకొచ్చాడు. గీడి వస్తువులు తీస్కపోవద్దు అవ్వా, కేసైతది అని బతిమాలాడు. మీరు వెళ్లినా ఇది గుర్తుంచుకోండి, రాయి ముక్క కూడా ముట్టకూడదు. అత్త బోల్టును ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టింది. పెట్టేముందు వేళ్లతో నట్టును తిప్పి బిగించబోయింది. తుప్పుకు అది కదల్లేదు.

తిరిగి వచ్చే దారంతా లింబాద్రి నన్ను సార్ అనలేదు. దింపేటప్పుడు మాత్రం అత్త కాళ్లు పట్టుకున్నాడు, ముందటికంటే ఎక్కువసేపు. జుమా నమాజు అయ్యాక మదీనా బస్సు ఎక్కాం. దారిపొడుగునా అత్త కిటికీలోంచి చూస్తూనే ఉంది. చెనిగ్గింజల పొడి తీసి తన మటుకు తాను తింది. నాకు పెట్టలేదు, నేను అడగలేదు.

శనివారం పదకొండింటి రైలు. సీట్లో కూర్చున్నాక అత్త మొదటిసారి నా వైపు తిరిగి, కాగితం ఉందా అంది. అసలు కాగితం ఊళ్లో ట్రంకులో ఉంది, ఫోటో నా ఫోన్‌లో ఉంది. చదవమంది. ఒక్కో ఇంగ్లీషు మాటా చదివి, తెలుగులో చెప్పాను. ధ్వంసం చేసే దళం అన్నాను. పట్టాలు విప్పడంలో నేర్పరి అన్నాను. నడవడి మంచిది అన్నచోట ఆమె కళ్లు తుడుచుకుంది. ఇంకేమన్నా మిగిలిందా అని అడిగింది. దొర సంతకం కూడా చూపించాను.

"అత్తా, నన్ను మాఫ్ చెయ్" అన్నాను.

"బిగించినాకనే అనేటోడురా ఆ మాట, మా జేజినాయన. ముందు బిగించు" అంది.

అర్థమైంది. మా కుటుంబానికి ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. హిజాజ్ హుస్సేనప్ప కుటుంబం అని దానికి పేరు పెట్టిందీ నేనే. ఇంటి ఆడబిడ్డలు, అల్లుళ్లు, ముజావరు కొడుకు, అందరూ అందులో ఉన్నారు. మైకు నొక్కి పట్టుకుని కాగితం మొత్తం చదివాను, ముప్పై మూడేళ్లకిందట ఎలా చదివానో అది కూడా చెప్పాను. వేలు తీశాను, వెళ్లిపోయింది.

ఆ కట్ట చూడాలనుకునేవాళ్లు చలికాలంలో వెళ్లండి, నీళ్లు ఎక్కువ తీసుకోండి, దారి తెలిసిన మనిషి లేకుండా వెళ్లకండి. చూడటానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. మట్టి, రాళ్లు, ఒక పట్టా ముక్క. మా అత్త ఒళ్లో డబ్బా ఖాళీగానే ఉంది. లాహోరు పెద్దాయన ఇచ్చిన ఖర్జూరాలు కొన్ని మిగిలితే అందులో పోసి, ఈసారి ఆయన ఎదురైతే ఆవు సంగతి నువ్వే చెప్పుకో అంది.

రెండు నిమిషాలకు ఫోను మోగింది. ముజావరు కొడుకు. నువ్వు పంపిందేమిటి, ఇంకోసారి చెప్పు అన్నాడు. కాగితం మొదటినుంచి చదివాను. చదివాక మాఫ్ అన్నాను. ఆయన ఫోను పెట్టేశాడు. వెంటనే ఇంకొకరు. జెద్దా వచ్చేదాకా ఫోను మోగుతూనే ఉంది. ఎవరు చేసినా మొదటినుంచి చదివాను, చదివాక మాఫ్ అన్నాను. పక్కన అత్త కళ్లు మూసుకుని, వేళ్ల కణుపులు ముట్టుకుంటూ లెక్కపెట్టుకుంటోంది.